గడ్డంతో చూపించే ఓనరమ్మ

వనస్థలిపురంలో మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మ పాదు మీదున్న ఏ కాయకూ వేలు చూపించేది కాదు. వేలు చూపిస్తే పిందెలు కుళ్ళిపోతాయని ఆమె గట్టి నమ్మకం. ముదిరిన కాయలనైనా ఎందుకు నమ్మాలని వాటికీ అదే మర్యాద చేసేది. పెరట్లో ఏది చూపించాలన్నా గడ్డం ఎత్తేది.

ఆ ఏడు దసరా వెళ్ళాక సొరపాదు విరగకాసింది. స్టూలెక్కి కాయలు కోసే పని నాకు పడింది. ఆమె కింద నిలబడి గడ్డం ఎత్తింది.

"గా కాయ కొయ్యి."

"ఏ కాయ ఆంటీ?"

"గదే. చూపిస్తలేనా?"

ఆ గడ్డం చూపించిన వైపు నాలుగు సొరకాయలు, పక్కింటి కిటికీ, నీళ్ళ ట్యాంకు ఉన్నాయి. కిటికీనీ ట్యాంకునీ వదిలేసి, అన్నిటికన్నా పెద్ద కాయ కోశాను. ఆమె ముఖం మాడిపోయింది. అది విత్తనానికని ముదరనిస్తున్న కాయ. వచ్చే ఏటి పాదు మొత్తం అందులోనే ఉంది.

"ఒక్కసారి వేలుతో చూపిస్తే అయిపోయేది కదా ఆంటీ," అన్నాను.

తెగిన కాయను గుండెకు హత్తుకుని నా వంక జాలిగా చూసింది.

"చూపిస్తే ఖరాబైతది కద బిడ్డా."

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయల బండి అతను, "ఏ సొరకాయ ఇయ్యమంటవక్కా?" అన్నాడు. నాకు తెలియకుండానే గడ్డం ఎత్తాను. అతను వేరే కాయ తీసిచ్చాడు. నోరు మూసుకుని తెచ్చుకున్నాను.