సుత్తి మేస్త్రి తువ్వాలు

సొట్ట పడిన కారు తలుపును అరచేత్తో తడిమి, ఎక్కడ కొడితే ఎక్కడ లేస్తుందో చెప్పగలిగేవాడు మేస్త్రి. చేతిలోనూ సుత్తే, నోట్లోనూ సుత్తే కనుక షెడ్డులో అందరికీ సుత్తి మేస్త్రి అయ్యాడు. వయసులో ఉండగా బాక్సింగ్ ఆడాడు. పద్దెనిమిది పోటీల్లో పదకొండు ఓడాడు గానీ, ఒక్కసారీ మధ్యలో ఆపమనలేదు. అదే ఆయనకు పతకం.

పని ముగిశాక ఇసుక బస్తా ముందు కూతుర్ని నిలబెట్టేవాడు. తల్లి లేని పిల్ల. తండ్రి మొండితనం పుణికిపుచ్చుకుంది. పగలు పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో మైనం చెక్కేది. గోరంత పన్ను మీద వెంట్రుకంత గాడి దిద్దాలి. అంతా కుడిచేతి వేళ్ల పని.

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలకు వెళతానని ఒకరోజు బయటపెట్టింది.

"ఒక్క బాక్సింగ్ చాలదు నాన్నా. అక్కడ కాళ్లతో కొడతారు, ఎత్తి పడేస్తారు, పడ్డాక చెయ్యి మెలిపెడతారు. కిక్‌బాక్సింగ్ కావాలి, కుస్తీ కావాలి, జుజుట్సు కావాలి."

"రెండు పడవల మీద కాళ్లు పెడితేనే మునుగుతారంటారు. నీకు నాలుగు పడవలా?"

"అందరూ నీలాగా నిలబడి కొట్టించుకోరు మరి!"

మేస్త్రి పగలబడి నవ్వాడు. కిక్‌బాక్సింగ్‌కు సరేనన్నాడు. కింద పడకుండా ఉండేంత కుస్తీకి కూడా ఒప్పుకున్నాడు. జుజుట్సు మాత్రం కళ్లారా చూశాకే అన్నాడు.

మొదటిరోజు తనూ వెంట వెళ్లి, చెప్పులు విడిచేచోట బల్ల మీద కూర్చున్నాడు. అక్కడి మాస్టారు అరగంట దాకా ఒక్క పట్టూ నేర్పలేదు. ఇద్దరిద్దరిని జతకట్టి, ఒకరి చెయ్యి ఒకరితో మెల్లగా మెలిపెట్టించాడు. నొప్పి మొదలవగానే అరచేత్తో మూడుసార్లు తట్టాలి.

"తట్టగానే అవతలివాళ్లు వదిలెయ్యాలి. ఇక్కడ మొదటి విద్య ఇదే," అన్నాడు.

కూతురు నవ్వుతూ మూడుసార్లు తట్టింది. మేస్త్రి దిగ్గున లేచాడు.

"లే, పోదాం. లొంగిపోవడం నేర్చుకోడానికి ఇంత దూరం రావాలా?"

"అన్నా, లొంగడం కాదు, చెయ్యి దక్కించుకోవడం," అన్నాడు మాస్టారు.

"మా రక్తంలో ఓడిపోవడం ఉంది గురూ. ఒప్పుకోవడం లేదు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కూతురు మాస్టారి వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుంది. మళ్లీ అటు వెళ్లలేదు.

రెండు పోటీలు పిడికిళ్లతోనే గెలిచింది. మూడోదాంట్లో ఎదుటి అమ్మాయి ఆమెను నడుం పట్టి పడేసి, కుడిచేతిని తొడల మధ్య బిగించి వెనక్కి వాలింది. పోటీ బరి చుట్టూ ఉన్న ఇనుప కంచె బయట మేస్త్రి భుజం మీద తువ్వాలుంది. అది లోపలికి విసిరితే చాలు, పోటీ ఆగిపోతుంది.

పక్కనే షెడ్డు పెయింటరు గోల పెట్టాడు. "విసురు మేస్త్రీ! చెయ్యి పోతుంది!"

"ఆగరా, తప్పించుకుంటుంది."

ఆమె ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది. నేల మీద వెల్లకిలా తెరుచుకుని ఉంది. ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన పిడికిలి బిగించి చూపించాడు. ఆమె కూడా ఆ చేతిని పిడికిలి చేసింది.

రేకు చేసే చప్పుళ్లన్నీ ఎరిగినవాడు మేస్త్రి. ఆ చప్పుడు మాత్రం వాటిలో లేదు.

రెండు ఆపరేషన్లయ్యాయి. చివరి రెండు వేళ్లకు స్పర్శ రాలేదు. ల్యాబులో చెక్కే కత్తి మరొకరి చేతికి వెళ్లింది. ఆమెకు ప్లాస్టర్ అచ్చులు కడిగే పని మిగిలింది. నాన్నను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో.

రోజూ పొద్దున్నే మేస్త్రి అదే తువ్వాలును వేణ్నీళ్లలో ముంచి పిండి, ఆమె మోచేతికి చుట్టి, కొంచెం కొంచెంగా చాపేవాడు.

"నొప్పైతే తట్టమ్మా. మూడుసార్లు."

ఆమె పళ్లు బిగపట్టేది తప్ప తట్టేది కాదు. రేకును తడిమినట్టు ఆమె మొహాన్నే కనిపెట్టుకుని తనే ఆపేవాడు. రెండేళ్లు అలా గడిచాయి. చెయ్యి ముప్పాతిక వంతు చాపడానికి వచ్చింది. ఆ రెండు వేళ్లకు స్పర్శ రానేలేదు.

ఆ తర్వాత రంగుల దుమ్ము తిన్న ఊపిరితిత్తులు మేస్త్రిని మంచాన పడేశాయి. ఆస్పత్రిలో మొహానికి బిగించిన మాస్కును ఆయన లాగెయ్యకుండా కూతురు ఎడమచేత్తో ఆయన మణికట్టు పట్టుకుని కూర్చునేది. ఆ మాస్కు రోజుల్ని పొడిగిస్తుందే గానీ మనిషిని నిలబెట్టదని డాక్టరు ముందే చెప్పాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం ఆయన రెండో చెయ్యి మంచం ఇనుప కమ్మీ మీద కదిలింది. తట్టింది. ఆగి, మళ్లీ తట్టింది. మరొకసారి.

"నీళ్లు కావాలేమో," అంది నర్సు.

"కాదు సిస్టర్. డాక్టరుగారిని పిలవండి," అంది కూతురు, నాన్న మణికట్టు వదిలేస్తూ.