తీపెక్కిన నీళ్లు

పైడయ్య మావ చెయ్యి కుక్కల ఉసురు తగిలి పడిపోయిందని సుంగై సుమున్ వైపు ఏ రబ్బరు ఎస్టేటులో అడిగినా చెబుతారు. "సప్పుడు నేకుండా సంపిన సెయ్యి, సప్పుడు నేకుండానే పడిపోనాది" అనేది మా కూలీ ఇళ్ల లైనులో ఉండే ముత్యాలు కట్టిన మాట. కుళాయి దగ్గర పుట్టి, కల్లు దుకాణం దాకా నడిచి, అక్కడ సైకిలెక్కి పక్క ఎస్టేట్లకు పోయింది.

నేను అప్పటికి తమిళ బడి మూడో తరగతితో మానేసి, దొర బంగళాలో గిన్నెలు తోముతున్నాను. వంటింటి వెనక అరుగుకి ఈ చివర నేను, ఆ చివర మావ. బూట్లు, దీపాలు, తుపాకీ ఆయన పని. నాకు నలుగురిలో నోరు పెగలదు. చూస్తూ తోముకునేదాన్ని.

దొరసానికి తుపాకీ మోత పడదు. అందుకని దొర, మోతని మింగేసే గొట్టం ఒకటి సీమ నుంచి తెప్పించి తుపాకీ మూతికి బిగించాడు. పొద్దున్నే వరండాలో కూర్చుని, దొరసాని బాతుల వైపు వచ్చిన లైను కుక్కల్ని కాల్చేవాడు. తడిగుడ్డ దులిపినంత చప్పుడు, అంతే. తర్వాత తుపాకీని మావ చేతిలో పెట్టేవాడు. లైనువాళ్లకి కాల్పు వినబడేది కాదు. చచ్చిన కుక్క కనబడేది, తుపాకీ మోసుకుపోయే పైడయ్య కనబడేవాడు.

ఆ గొట్టం విప్పితే లోపల నడుమ బెజ్జమున్న ఇనుప బిళ్లలు వరసగా ఉండేవి. కాల్చినప్పుడల్లా వాటి మీద మసి, మసితో పాటు తూటాల సీసం పేరుకుని రాయిలా గట్టిపడేది. కిరసనాయిలుకి మసి వదిలేది, సీసం వదిలేది కాదు. ఒకసారి కత్తితో గీకితే బిళ్ల మీద గీత పడింది. దొర ఆ గీత మీద గోరు పెట్టి చూసి, ఇంకొకటి కనబడితే ఓడెక్కిస్తానన్నాడు. రబ్బరు ధర పడిపోయి, మనుషుల్ని నిజంగానే ఓడల్లో ఇండియాకి తోలేస్తున్న రోజులవి. మావకి అక్కడ ఎవరూ మిగల్లేదు. ఆయన భార్య దాలమ్మత్త అయితే ఇక్కడే పుట్టింది. ఆ రోజు నుంచి మావకి ఉన్నది ఒకటే భయం, ఓడ.

అంతకుముందు ఆయన రబ్బరు కొట్టంలో పనిచేశాడు. పాలు గడ్డకట్టడానికి కలిపే ఆసిడ్ అక్కడినుంచి ఒక సీసాలో ఎవరికీ చెప్పకుండా తెచ్చి, నీళ్లు కలిపి, బిళ్లల్ని అందులో నానబెట్టాడు. సీసం పెచ్చులుగా ఊడింది. కడిగి, ఆరబెట్టి, మళ్లీ అంటుకోకుండా పల్చగా నూనె రాసి బిగించాడు. దొర వెలుతురుకి పెట్టి చూసి తలూపాడు.

కొట్టంలో పనిచేసినవాళ్లకి ఆసిడ్ పదును నాలుక మీద చూసే అలవాటుంది. మావ కూడా గిన్నెలో వేలు ముంచి నాలుకకి రాసుకునేవాడు. పుల్లగా ఉంటే ఇంకా నానాలి.

"సూడొలే గుంటా," అన్నాడు నాతో ఒకసారి, మొహమంతా నవ్వుతూ. "బెల్లం నీళ్లలాగైపోనాది. తియ్యబడితే పనైపోనట్టే."

ఆ వేలితోనే అరుగు మీద అన్నం కలుపుకునేవాడు.

మొదట కడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చింది. మొహం బూడిద రంగుకి తిరిగింది. తర్వాత కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలింది. ఎత్తబోతే కోసిన కోడిమెడలా వేలాడేది.

ముత్యాలు కుక్క నల్లోడు చచ్చింది ఆ వారమే.

"ఏటి పైడయ్యా, మా నల్లోడు నీకేటి సేసినాడు? నీ కంచంలో మూతెట్టినాడేటి?" అన్నాడు ముత్యాలు, కుళాయి దగ్గర అందరి ముందూ.

"నానెక్కడ కాల్సినాను? కాల్సినోడు దొర. నాను కడుగుతాను, అంతే."

"కడిగినోడికే అంటుతాది గదా, మురికి!"

బిందెలు పట్టుకున్నవాళ్లంతా నవ్వారు.

దాలమ్మత్త అమ్మోరికి మొక్కుకుంది. మావ పడిపోయిన చేత్తోనే లైను కుక్కలన్నిటికీ అన్నం పెట్టించింది. మావ ఎడమచేత్తో కుడిచేతిని పైకెత్తి పట్టుకుని ముద్దలు జారవిడిచాడు. కుక్కలు తోకాడిస్తూ వచ్చి తిని, ఆ వేళ్లు కూడా నాకాయి.

"సూసినారా, ఆటికి కోపం నేదు!" అంది అత్త ఏడుస్తూ.

"ఆటికి మతి నేదు. మనకున్నాది," అన్నాడు ముత్యాలు.

నాకు తమిళం వచ్చని అత్త నన్ను ఎస్టేటు ఆస్పత్రికి తోడు తీసుకెళ్లింది. అక్కడ మందులిచ్చే డ్రెస్సర్, మావ పెదవి పైకెత్తి చూశాడు. చిగుళ్ల వెంట నల్లటి గీత ఉంది.

"ఒంట్లోకి సీసం పోయింది. ఏం పని చేస్తావు?"

"బూట్లు తుడుత్తాను," అన్నాడు మావ.

దారిలో అత్తని ముందుకి పోనిచ్చి నా దగ్గరకొచ్చాడు. "ఆసిడ్ మాట ఎవులితోనీ అనకే. దొంగతనం కట్టి ఓడెక్కించెత్తారు."

"అననులే మావా. ఆ నీళ్లలోనే ఉంది సీసం, నాలికకి రాసుకోకు."

"రాసుకోకపోతే అయిందో నేదో ఎలా తెలుస్తాది?"

మర్నాడు ఎడమచేతి వేలు ముంచాడు.

గీత పడకుండా కాచుకున్న బిళ్ల చివరికి ఆ వాలిన కుడిచేతిలోంచే జారి, గచ్చు మీద పడి సొట్టపోయింది. ఆ వారంలోనే మావనీ అత్తనీ ఓడకి పంపేశారు. లారీ ఎక్కుతూ అత్త మా అమ్మని అడిగింది: "ఆ దేశంలో వాన ఎప్పుడు పడతాది, వదినా?" అమ్మ కూడా ఆ దేశం చూసి ఎరగదు.

తుపాకీ పని ముత్యాలుకిచ్చారు. అతనూ కొట్టంలో పనిచేసినవాడే. ఆసిడ్ సంగతి తనే కనిపెట్టాడు. నాలుకకి రాసుకోవద్దని నోరు తెరిచి చెప్పాను, డ్రెస్సర్ అన్నది కూడా చెప్పాను.

"ఓయబ్బో, మూడో తరగతి డాక్టరమ్మా!" అని నవ్వి వేలు చప్పరించాడు. "ఆడికి తగిలింది కుక్కల ఉసురు. నాను కుక్కని పోగొట్టుకున్నోణ్ని."

ఇప్పుడు ముత్యాలు టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. కుడి మణికట్టు వాలుతోంది. అతను ఏ కుక్కనీ చంపలేదు.