జామచెట్టు ఖాళీ అయిన రోజు

అనకాపల్లి దగ్గర హైవే వెడల్పు చేసిన ఏడాది దేముడు అనే ముసలాయన ఇల్లు, పెరడు రోడ్డులో పోయాయి. కూల్చడానికి పొక్లెయిన్ వచ్చేసరికి పెరటి జామచెట్టుకు తేనెపట్టుంది. డ్రైవరు తాటాకు వెలిగించబోయాడు.

"కాల్చకు బాబూ, అందులో పిల్లలున్నాయి. పూత అయిపోతే అవే ఎల్లిపోతాయి," అన్నాడు దేముడు.

దేముడు బెల్లం వండి బతికినవాడు. చెరుకురసంలో పడిన తేనెటీగల్ని తీసి ఆకుమీద ఆరబెట్టేవాడు. డ్రైవరు అవి వెళ్లేదాకా ఆగుతానన్నాడు. ఇల్లు నిలుపుకోడానికి ముసలాడి ఎత్తు అని ఊరు నవ్వింది.

ఒక ఉదయం పట్టు ఖాళీగా ఉంది. ఆకుల చాటున ఉండడంతో ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. దేముడు అలవాటుగా ఇంటికి తాళం వేశాడు, మళ్లీ తీసేశాడు. తనే రోడ్డు మీదికి నడిచి వెళ్లి డ్రైవరుతో చెప్పాడు.

"అవి ఎల్లిపోనాయి బాబూ. ఇంక కొట్టీండి."