చెవుల చిన్నాన్న

లెన్సు పాడుచేసింది నేనే. ఇరవై ఏళ్లకు పైగా ఈ మాట ఎవరితోనూ అనలేదు. మొన్న నయా రాయపూర్‌లో బంధువుల గృహప్రవేశానికి వెళ్తే, భోజనాల దగ్గర ఆ ఇంటి కొత్త అల్లుడు మా చిన్నాన్నను చూసి, "చెవుల చిన్నాన్నంటే మీరేనా అండీ?" అని నవ్వుతూ అడిగాడు. "నానే బాబూ" అని ఆయన కూడా నవ్వేశారు. ఆ పేరు పెట్టిందీ నేనే. నా చేతి నుంచి ఎంగిలి వాసన కాక ఇంకేదో కుళ్లు వాసన వస్తున్నట్టనిపించి, విస్తరి ముందు నుంచి లేచిపోయాను.

చిన్నాన్న అప్పట్లో రాయపూర్‌లో రైల్వే వ్యాగన్ల మరమ్మతు వర్క్‌షాపులో ఫిట్టరు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో రెండు గదుల క్వార్టరు, అందులో ఆయనకు పిన్ని తర్వాత ప్రాణం ఒక పాత కెమెరా. దానిలో మనం చూసేది లెన్సు గుండా కాదు, పక్కనున్న చిన్న కిటికీ గుండా. కిటికీ మధ్య పసుప్పచ్చని గడిలో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు మీది పట్టీ తిప్పుతూ పోతే రెండు బొమ్మలూ దగ్గరికి జరిగి ఒకటవుతాయి. అప్పుడు నొక్కాలి. ఆయన దగ్గర మూడు లెన్సులుండేవి, మిల్లీమీటర్ల లెక్కతోనే వాటిని పిలిచేవారు. "ముప్పై అయిదు పెళ్లి గుంపుకి, యాభై మొగమాటానికి, తొంభై మనిషికి" అనేవారు. కాదనలేక తీసేవాటికి యాభై, మొహం ఒక్కటే తీయాలంటే తొంభై. దానితో ఏటా ఉగాది పొద్దున వెనక వరండాలో పిన్నిని నిలబెట్టేవారు. "పోపు మాడిపోతంది" అని ఆవిడ, "మాడనీయే, కనురెప్ప దొరికింది" అని ఆయన. అలా తీసినవన్నీ ముందుగదిలో వరసగా వేలాడేవి. వాటిని చూసి కాలనీలోని తెలుగు ముసలమ్మలు గంజిపెట్టిన చీరలు కట్టుకొని, మాకూ తియ్యమని వచ్చేవారు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. నేను వాళ్లింట్లో ఉండి డిగ్రీ చదువుతూ, పక్కపేట గుఢియారీలో ఒక ఫొటో స్టూడియోలో కాలక్షేపం చేస్తూ, సగం తెలిసినవాడికి ఉండే పొగరంతా సంపాదించాను. ఒక మధ్యాహ్నం చిన్నాన్న డ్యూటీలో ఉండగా, దుమ్ము తుడుద్దామని అడక్కుండా తొంభై లెన్సు తీశాను. ముందు భాగం మరతిప్పితే ఊడి వచ్చింది. తుడిచాను, మళ్లీ బిగించాను. బిగించాక చూస్తే కింద పరిచిన పేపరు మీద కాగితమంత పల్చని ఇత్తడి రింగు మిగిలిపోయి ఉంది. మళ్లీ విప్పుదామనుకునేలోగా వర్క్‌షాపులో డ్యూటీ దిగే సైరన్ మోగింది. ఇది లేకుండానే బిగిసింది కదా అనుకున్నాను. సాయంత్రం రైలు కట్ట పక్క మురుగుకాలవలో దాన్ని పారేశాను. అంత శ్రద్ధగా ఏ పనీ చేసినవాణ్ని కాదు.

ఆ ఉగాదికి పిన్నినీ, తొమ్మిది మంది ముసలమ్మలనూ తీశారు. ప్రింట్లు వచ్చాయి. అందరికీ చెవులు వెంట్రుకతో సహా స్పష్టంగా ఉన్నాయి, కళ్లు మాత్రం మసక. అద్దాన్ని ఎంత దూరాన ఉంచాలో అంత దూరాన ఉంచేది ఆ రింగే. అది లేక అద్దం వెనక్కి జరిగింది, స్పష్టత కళ్లను దాటి చెవుల మీద పడింది. పక్క కిటికీకి ఈ సంగతేం తెలుసు? దానిలో రెండు బొమ్మలూ ఎప్పటిలా చక్కగా కలిశాయి. "ఏటయ్యా, నా కమ్మలు గుడిలో ఇగ్రహానికి పెట్టినట్టున్నాయి, నా మొగమేటి పొగలో ఎట్టేశావు?" అని ఒకావిడ దులిపేసింది. అందరూ నవ్వుతున్నారు. నేరం తెలిసినవాడు నోరు మూసుకోవాలి. నేను "చెవుల చిన్నాన్న!" అన్నాను. నవ్వులు రెట్టింపయ్యాయి. వారం తిరిగేసరికి హిందీ పిల్లలు కూడా "కాన్‌వాలే చాచా" అని కేకలు మొదలెట్టారు.

ఆయన లెన్సును అనుమానించలేదు. మిగతా రెండూ బాగానే తీస్తున్నాయి. తొంభైకి మంచి కళ్లు కావాలి, అవి తనకు పోయాయి, అంతే. రైల్వే ఆసుపత్రికి వెళ్తే చిట్టచివరి వరస దాకా గడగడా చదివారట. "ఆంఖే తో ఠీక్ హై", కళ్లు బాగానే ఉన్నాయని డాక్టరంటే, "గోడ మీద అక్షరాలు కాదు సాబ్, రెప్ప మీద వెంట్రుక కనబడాలి" అని ఆయనతో వాదించి, బజార్లో చష్మా కొని, వారం రోజులు తలనొప్పితో తిరిగారు. చివరికి ఒకరోజు కెమెరా నా చేతికిచ్చారు.

"కుర్రోడివి, నువ్వు సూడు. రెండూ ఒకటవుతన్నాయా?"

చూశాను. "అవుతున్నాయి చిన్నాన్నా."

"అయితే నా కళ్లేరా."

అప్పుడు కూడా ఊరుకున్నాను. లెన్సు విప్పడం కుర్రతనం, రింగు పారేయడం పిరికితనం అని సర్ది చెప్పుకోవచ్చు. ఈ ఊరుకోవడానికి మాత్రం నాకు ఏ పేరూ దొరకలేదు. ఆయన తొంభైని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశారు.

గృహప్రవేశం మర్నాడు గుఢియారీలో వాళ్లింటికి వెళ్లాను. రిటైరయ్యాక కట్టుకున్న చిన్న ఇల్లు. దారి పొడుగునా మాటలు కూర్చుకొని వెళ్లి, రింగు సంగతి ఒక్కటీ విడవకుండా చెప్పాను. చిన్నాన్న ఫక్కున నవ్వారు.

"అంటే నా కళ్లు బాగున్నట్టే కదరా! ఒసే, ఇన్నావా? శుక్లాలు కోయించుకున్నాక సెప్తన్నాడు యెదవ." తర్వాత నా భుజం తట్టి, "ఒగ్గేరా, ఎప్పటి మాటో" అన్నారు.

ఆ తేలికకు నాకు ఊపిరాడింది. సిగ్గులేకుండా టీ గ్లాసు కూడా అందుకున్నాను. అప్పుడు పిన్ని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ నవ్వడం లేదు.

"ఆయనకి సెప్పావు, ఆయన ఒగ్గేశారు. మరి నా మాటేటి? 'నీ మొగం నా సేత్తో పాడుసెయ్యలేనే' అని ఆ యేడు నుంచి నన్ను నిలబెట్టనే లేదు. ఫోన్లలో ఉన్నాను, ఎవరి ఎనకాలో. నలభై నాలుగేళ్లప్పుడు ఆపేశారు. ఇప్పుడు అరవై ఏడు. ఈ మధ్యలో ఎలాగుండేదాన్నో నాకే తెలీదు."

గోడ మీద వరస నిజంగానే ఒక చోట ఆగిపోయింది. చివరి చిత్రంలో పిన్ని జుట్టు ఇంకా నల్లగానే ఉంది. ఆయన కోసం అన్ని మాటలు సిద్ధం చేసుకున్నవాణ్ని, ఆవిడ కోసం ఒక్కటీ తెచ్చుకోలేదు. ఆవిడకూ ఒక మాట బాకీ ఉన్నానని తోచను కూడా లేదు. గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాను.

"ఆ యేళ్లు ఇప్పుడు ఏ లెన్సుకీ అందవు పిన్నీ. వాటిని పోగొట్టింది నేనే. తప్పయిపోయింది, క్షమించు."