జపాన్ చీపురు, తాతగారి షేర్వాణీ

ఒక్క ప్రసంగంతో ఊరి బడిని మూయించబోయిన ఘనుణ్ని చూడాలనుకుంటే, అయ్యా, ఇటు తిరగండి. నేనే. నిప్పూ అక్కర్లేదు, వరదా అక్కర్లేదు. ఒక మైకు, రెండు దేశాలు, నా నోరు చాలాయి.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు, జూన్ నెలలో. కేతేపల్లి దగ్గర మా ఊరి చిన్న బడికి పైనుంచి కబురొచ్చింది: ఒకటో తరగతిలో ఐదుగురైనా చేరకపోతే రెండో టీచరును వేరే ఊరికి పంపేస్తారట. మిగిలిన ఒక్కరితో బడి ఎన్నాళ్లు నిలుస్తుంది? బడి పెద్ద సుజాత టీచర్ ఇల్లిల్లూ తిరిగి, సరిగ్గా ఐదు ఇళ్లవాళ్లను ఒప్పించి, పేర్లు రాయించుకోవడానికి బడి వాకిట్లో సభ పెట్టింది. ఆమె మా ఊరి కూలివాళ్ల బిడ్డే. బడి జాగా మా తాత ఇచ్చాడు కాబట్టి నన్ను అధ్యక్షుడిగా పిలిచింది.

"నాలుగు ముక్కలు చాలు సార్. మన బడి మంచిదనుండ్రి, కూసోండ్రి," అంది.

నాలుగు ముక్కలా! దొరల వంశాంకురాన్ని! కోటలాంటి మా గడి కూలిపోయి, భూములు చేజారి, నాకు మిగిలినవి రెండు గదులు, తాతగారి షేర్వాణీ, ఎవరి ముందూ వంగని వెన్నెముక. అది ఎంత నిటారంటే, చెప్పు జారినా వంగకుండా కాలితోనే వెతుక్కునేవాణ్ని. వారం రోజులు సెల్‌ఫోన్‌లో దేశదేశాల చదువులు చూశాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటారు. నేను నకిరేకల్ దాటకుండానే ఫిన్లాండ్‌కెగిరాను.

సభనాడు షేర్వాణీ తొడుక్కున్నాను. తాత సన్నటివాడు, నేను కాదు. గుండీలు పెట్టాక ఊపిరి సగమే లోపలికి పోయింది.

"ఫిన్లాండ్‌లో ఏడేళ్లు నిండే ఏడాది వచ్చేదాకా పిల్లల్ని ఒకటో తరగతిలో వేయరు! అయినా వాళ్ల చదువును లోకమంతా మెచ్చుకుంటుంది!"

గొర్లు కాసే మల్లయ్య వెంటనే పెళ్లాం వైపు తిరిగాడు. "ఇన్నవా? మనోనికి ఆరేండ్లే. ఇంకో యేడు గొర్లెంబడి తిప్పుత అంటే నా మీద లేస్తివి!"

"నిజమేనా దొరా?" అందామె.

"నూటికి నూరుపాళ్లు!" అన్నాను, నా మాటకింత విలువా అని మురిసిపోతూ.

ఐదు నాలుగైంది. సుజాత టీచర్ నా చెవిలో, "సార్, గా దేశం ఇడ్సిపెట్టుండ్రి," అంది.

విడిచిపెట్టి జపాన్‌లో దిగాను. పెనం మీంచి జారి పొయ్యిలో పడ్డవాళ్లుంటారు. చలి కాచుకుందామని దూకినవాణ్ని నేనే.

"జపాన్‌లో పిల్లలే బడి ఊడుస్తారు! మన పిల్లలతో కూడా పొద్దున్నే ఊడిపిస్తే..."

మీకు అర్థమైపోయింది కదా? నాకింకా కాలేదు. మనవరాలు అనితను వెంటబెట్టుకుని పేరు రాయించడానికి వచ్చిన పోచమ్మవ్వ కర్ర పట్టుకుని లేచింది.

"దొరా, మీ గడి ముంగిలి నా తల్లి ఊడ్సింది. ఆమె ఎంబడి నేనూ ఊడ్సిన. పైస లేదు, పిడికెడు గింజల్లేవు, ఉత్త వెట్టి. నా మనుమరాలి చేతికి గూడ పొరకేనా?"

"అది కాదవ్వా, జపాన్‌లో..."

"జపాన్ నాకెర్క లేదు. మీ గడి ఎర్క. పేరు రాయకు టీచరమ్మా."

మిగతా వాళ్లూ లేచారు. సుజాత టీచర్ కలం మూసి, ఖాళీ పేజీ కేసి చూస్తూ ఉండిపోయింది. దేశదేశాల బడులను పోల్చినవాణ్ని, మా గడి ముంగిలిని ఈ బడి ముంగిలితో పోల్చుకోవడం మరిచిపోయాను.

"ఆగండి! అక్కడ పెద్దవాళ్లూ ఊడుస్తారు!" అని అరిచాను.

అవ్వ ఆగింది. "దొరలు గూడనా?"

"దొరలు కూడా." నాకు తెలియదండీ. తాతమీద ఒట్టు, నాకేమీ తెలియదు.

"అయితే సూపియ్యి."

ఎవరో చీపురు అందించారు. జెండాలా పట్టుకుని నిలబడ్డాను. అనిత వచ్చి నా చేయి సరిచేసింది.

"గట్ల గాదు. వంగాలె."

వంగాను. జీవితంలో మొదటిసారి. చర్రుమంది! మెడ నుంచి నడుము దాకా తాతగారి షేర్వాణీ రెండు సంస్థానాలైంది.

వెంటనే బడి పెంకులు లేచిపోయేంత నవ్వు. పోచమ్మవ్వ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. భుజం మీది తువ్వాల తీసి నా వీపు మీద కప్పింది.

"వంగితే చినిగేది అంగీయే దొరా, ఇజ్జత్ గాదు. పోరి పేరు రాయి టీచరమ్మా."

నేను తలెత్తలేదు. ఆ వాకిలంతా ఊడ్చేదాకా వంగే ఉన్నాను. వెనక నుంచి మల్లయ్య గొంతు వినబడింది: "మావోనిది గూడ రాయుండ్రి. గీ బడిల గింత తమాష ఉంటే గొర్లెంబడి ఎందుకు?"

లేచినవాళ్లంతా తిరిగొచ్చారు, ఐదు పేర్లూ పడ్డాయి.

అప్పటి నుంచి ప్రతి జూన్‌లో, బడి తెరిచేనాడు ఆ వాకిలి నాదే. అనిత ఇప్పుడు పెద్ద బడిలో చదువుతోంది. అయినా ఆ పొద్దున తప్పకుండా వస్తుంది, గేటు దగ్గర నిలబడి పరీక్షాధికారిలా చూస్తుంది.

"మూలలు మిగిలినయి, తాతా."

దొరా అనదు, గమనించారా? నేను గమనించాను.

కనుక, పాఠకులారా, కుడిచేత చీపురు పట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ దేశపు బడి గొప్పా మైకులో చెప్పను. ఒకవేళ నోరు జారి చెప్పినా, షేర్వాణీ వేసుకుని మాత్రం చెప్పను.