ముత్యానిది పొగరు కాదు

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు దేవుడికి కూడా సరిగ్గా చెప్పలేదు. డొంకతిరుగుడుగా ఏదో అని, ఆమెన్ అనేసి లేచి వచ్చేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నానేమో. తల్లి లేని పిల్లకు ఒక అబద్ధం చెప్పాను. ఆ బరువు ఇప్పటికీ గుండెల మీద అలాగే ఉంది.

అప్పట్లో గన్నవరం దగ్గర కౌలుకు తీసుకున్న స్థలంలో పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పేదాన్ని. భవానీపురం నుంచి ఒక లెక్చరర్ గారు తన కూతురు కీర్తనను తీసుకొచ్చేవారు. వాళ్లమ్మ పోయాక ఆ పిల్ల ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ముత్యంతో మాత్రం మాట్లాడేది. ముత్యం తెల్లటి పోనీ, పొట్టి జాతి గుర్రం. కీర్తన దాని మెడకు చెంప ఆనించి ఏదో గొణుగుతుంటే అది కదలకుండా నిలబడేది. అది చూసి ఆయన ముత్యాన్ని కూతురి కోసం కొని, మా దగ్గరే ఉంచారు. కొత్త జీను కూడా కొన్నారు. ఏ జీను కొనాలో చెప్పింది నేనే.

కొన్నాళ్లకే ముత్యం మారిపోయింది. జీను కనబడితే చెవులు వెనక్కి వాల్చేది. పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే కరవబోయేది. కీర్తన ఎక్కగానే వీపు వంచి ఎగిరేది.

“మేడమ్, దానికి ఎక్కడన్నా నొప్పేమోనండీ?” అని ఆయనే అడిగారు.

నొప్పి కాదండీ, పొగరు అన్నాను. పిల్ల మెత్తనిదని కనిపెట్టేసింది, నేను దారిలో పెడతానన్నాను.

తర్వాత ఒక ఉదయం ముత్యాన్ని తోముతుంటే, మూపు వెనకాల చెయ్యి తగలగానే చర్మం జలదరించింది. కాస్త నొక్కాను. పాపం, నడుము కుంగిపోయింది. జీను తెచ్చి ఉత్తి వీపు మీద పెట్టి చూశాను. ఇరుకు. ఇన్నాళ్లూ ఆ వెడల్పాటి వీపును అది రెండు వైపులా నొక్కేస్తోంది.

ఫోన్ తీశాను. మళ్లీ పెట్టేశాను. పొగరని అంత గట్టిగా చెప్పినదాన్ని, ఇప్పుడు తప్పు నాదేనని ఏ మొహంతో చెప్పను? మిగతా తల్లిదండ్రులు ఏమనుకుంటారు? జీను కింద ఒక దుప్పటి మడతపెట్టి వేశాను. ఇరుకు జీను కింద దుప్పటి వేస్తే ఇంకా బిగుస్తుందని నాకు తెలియదా? తెలుసు. ఏదో ఒకటి చేశానని నాకు నేను చెప్పుకోవడానికి వేశాను.

ఆ సాయంత్రం ముత్యం మీద ఎక్కి కూర్చున్న కీర్తన చేతికి కొరడా ఇచ్చాను. వద్దు మేడమ్ అంది. ఆ పిల్ల వేళ్లు పట్టుకుని పిడి చుట్టూ నేనే మూశాను. మెల్లగా తాకించింది. అలా కాదు, గట్టిగా అని అరిచాను. ఏడుస్తూనే కొట్టింది. ముత్యం ఎగిరి కింద పడేసింది. పిల్ల చెయ్యి విరిగింది.

ఆసుపత్రిలో పిండికట్టుతో పడుకుని, నన్ను చూడగానే అడిగింది.

“నేను కొట్టాననే పడేసింది కదా మేడమ్?”

వాళ్ల నాన్న పక్కనే ఉన్నారు. నిజం నోటిదాకా వచ్చింది.

“అది చెడ్డ గుర్రమమ్మా,” అన్నాను.

“చెడ్డది కాదు మేడమ్. నేనే కొట్టాను.”

అని గోడవైపు తిరిగింది. ఆ పిల్ల మళ్లీ మా దగ్గరికి రాలేదు.

ముత్యాన్ని ఎవరికైనా ఇచ్చేయమన్నారు వాళ్ల నాన్న. మంగళగిరిలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే అతనికి ఇచ్చేశాను. దాని వీపు సంగతి చెప్పలేదు. ఆ జీను కూడా ఇచ్చి పంపాను. ఎందుకు పంపాను? కళ్లెదుట ఉండకూడదనే. తర్వాత ఒకసారి వెళ్లి అడిగితే, పెళ్లికొడుకును పడేసిందని ఎవరికో తోలేశాం అన్నాడు. ఎవరికి అని అడగలేకపోయాను.

ఈమధ్య ఒక పెళ్లిలో కీర్తన కనబడింది. చంకలో కూతురు. నేను గుర్తుపట్టేలోపే తనే వచ్చి పలకరించింది. మండపం గుమ్మంలో పడుకున్న కుక్కపిల్లను ముట్టుకోవాలని పాప చెయ్యి చాచింది. కీర్తన చటుక్కున వెనక్కి లాగింది.

“వద్దమ్మా, మన చేతులకి మూగజీవాలు అచ్చిరావు,” అంది. తర్వాత నావైపు తిరిగి నవ్వింది. “అప్పట్లో మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను కదండీ.”

చెప్పొచ్చు. అక్కడే, అప్పుడే చెప్పొచ్చు. అదేం లేదమ్మా అన్నాను. భోజనం చేసి వెళ్లమన్నాను.

ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. చెబుతానని ఇక్కడ రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుందేమో. తెలిసినంతవరకూ రాస్తున్నాను. జీను ఇరుకని నాకు తెలుసు. తెలిసే ఆ పిల్ల చేతికి కొరడా ఇచ్చాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు చేయగలిగిన పని కాదు. ఎవరో ఒకరికి చెప్పాను, అంతే. ఊపిరి కాస్త లోపలికి వెళుతోంది.