సున్నా ఉన్న హాస్టల్

దగ్గరికి జరిగి కూర్చోండి, నేను తలదించుకున్న సంగతి ఒకటి చెబుతాను.

చిత్తూరు నుంచి తిరుపతి పోయే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. కూతుర్ని ఎక్కడ చేర్చాలో తేలక, రెండు యూనివర్సిటీల్లో వేధింపుల మీద ఆడపిల్లలు ఇచ్చిన ఫిర్యాదుల లెక్కలు చూసుకుంటోంది. ఒకదానిలో కొన్ని కేసులున్నాయి. రెండోదానిలో సున్నా.

ఆ రెండోదాని పేరు చూసి నేను పొంగిపోయాను. "దీంట్లోనే చేర్చమ్మా! దీని హాస్టల్లో ఎనిమిదేండ్లు వంట చేసినాను. ఒక్క గొడవ బయటికి రాలేదు."

"జరగలేదా అక్కా, బయటికి రాలేదా?" అని ఆమె మెల్లగా అడిగింది.

మెస్ సూపర్‌వైజర్ చెయ్యి పట్టుకున్నాడని వంటగదిలో నా దగ్గర ఏడ్చిన పిల్ల కళ్లముందు నిలిచింది. కంప్లైంట్ రాస్తానంటే, "వద్దు పాపా, నీ పేరే చెడిపోతాది" అని వేడి పాలు తాగించి పంపింది నేనే. వారంలోనే ఆ పిల్ల చదువు మానేసి వెళ్లిపోయింది.

"జరిగింది. నేనే రాయనీలేదు," అన్నాను.

ఆమె తిట్టలేదు. కాగితాలు మడిచి, "కేసులుండే దాంట్లోనే చేరుస్తా. ఆడ చెప్తే రాసుకునేవాళ్లయినా ఉండారు," అంది.

"ఆ పాప పేరేంది?" అని కూడా అడిగింది. పేరు, ఊరు, కట్టుకున్న ఓణీ రంగుతో సహా నాకు గుర్తే. చెప్పడానికి నోరు రాలేదు.

మీ ఇంటి ఆడబిడ్డ మాట చివరిదాకా వినే మనసు మీకుండాలి. మీ గడప చల్లగా ఉండాలి.